మంచె ఏ చేతివైపు

కాలేజీలో ఆ పిల్లని అందరూ నిదానం అనేవారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, హాజరు పిలిచేటప్పుడు తప్ప దానికి పని పడేది కాదు. ఎవరైనా ఏదైనా అడిగితే ఒకసారి కిందికి చూసి, ఒకసారి పక్కకి చూసి, అప్పుడు నోరు విప్పేది. ఈలోగా అడిగినవాళ్ళు వేరే పని చూసుకునేవారు. జపాను సంగతులు నేర్చుకుందామని కాలేజీ పిల్లలు పెట్టుకున్న జపాను సంఘంలో ఆ పిల్ల పక్కనే కూర్చునే స్నేహితురాలి పేరు తొందర. ఆమె అడక్కముందే జవాబు చెప్పేది. ఇద్దర్నీ కలిపి కలియబెడితే ఒక సరైన మనిషి తయారవుతుందని సంఘం అధ్యక్షుడు అంటుండేవాడు. అతన్ని మైకు అనేవారు. ఎందుకో అతను నోరు తెరిస్తే తెలిసిపోయేది.

నిదానం పల్లెటూరి బళ్ళో చదువుకుని వచ్చింది. కాలేజీ వెనక వీధిలో ఒక మేడ మీద గదిలో అద్దెకుండేది. కింద ఇంటావిడ ఉండేది. ఇంటావిడ జపాను మనిషి. ఓడల్లో ఇంజన్లు బాగుచేసే మెకానిక్కుని చేసుకుని, నల్లజుట్టుతో ఈ ఊరొచ్చి, ఇక్కడే నెరిసిపోయింది. తెలుగు అత్తగారి దగ్గర నేర్చుకుంది. అందుకని మామూలు మాటలు మెల్లగా, ఒక్కొక్కటే వెతుక్కుంటూ అన్నా, తిట్లు మాత్రం తడుముకోకుండా వచ్చేవి. గోడ మీద పిల్లిని కూడా మీరు అనేది. కోపమొస్తేనో, మనసు కలిస్తేనో పోస్టుమాస్టర్ని కూడా నువ్వనేది. వీధిలో అందరికీ ఆవిడ మామ్మగారు.

పోయిన చలికాలంలో ఆవిడ భర్త, మెకానిక్కు తాతగారు, కాలం చేశారు. అప్పట్నుంచి కింది ఇల్లు వినిపించడం మానేసింది. అంతకుముందు రేడియో, దగ్గు, స్పానరు కిందపడ్డ చప్పుడు, ఒకళ్ళ మీద ఒకళ్ళు వేసుకునే కేకలు మెట్లెక్కి పైకి వచ్చేవి. ఇప్పుడు కుళాయి చప్పుడొక్కటే. నిదానానికి ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం కొత్త. సాయంత్రాలు పుస్తకం పట్టుకుని కిందికి దిగి వంటింటి బల్ల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. మామ్మగారు బఠాణీలు ఒలిచేది. ఈ పిల్ల చదువుకునేది. చాలాసేపటికి ఎవరో ఒకరు ఒక మాట అనేవారు. ఇంకా చాలాసేపటికి రెండోవారు ఊఁ కొట్టేవారు. కిటికీ అవతల వెలుతురు నీలంగా మారి, పలచబడి, ఎప్పుడు పోయిందో తెలియకుండా పోయేది.

అలాంటి ఒక సాయంత్రం, తొక్కలు ఒకచోటికి ఊడుస్తూ మామ్మగారు ఉన్నట్టుండి అంది.

"మా ఊళ్ళో ఎండాకాలం ముగిసేటప్పుడు పోయినవాళ్ళు ఇంటికొస్తారు. తెలుసా?"

నిదానం పుస్తకం మూసింది. "వస్తే ఏం చేస్తారు?"

"ఏం చేస్తాం, ఆడతాం. ఊరి మధ్య కర్రలతో ఎత్తుగా కడతారు. దాని మీద డోలు. చుట్టూ దీపాలు. కింద ఊరంతా గుండ్రంగా తిరుగుతూ ఆడుతుంది. పోయినవాళ్ళు కూడా మధ్యలో దూరి ఆడతారట. మసక చీకట్లో ఎవరు ఎవరో తెలీదు కదా."

"ఎత్తుగా కట్టేదంటే మా చేలల్లో మంచె లాంటిదా?"

"మంచె." మామ్మగారు ఆ మాటని నోట్లో వేసుకుని రుచి చూసినట్టు మళ్ళీ అంది. "మంచె. బాగుంది." తర్వాత గొంతు తగ్గింది. "మనిషి పోయాక వచ్చే మొదటి ఎండాకాలం ఇంట్లోవాళ్ళు తప్పకుండా ఆ వలయంలో దిగాలి. మా ఊరి పద్ధతి. ఈ ఏడు నేను దిగాలి."

"మరి వెళ్ళిరండి, మామ్మగారూ."

"ఎక్కడికి? అక్కడ నాకెవరున్నారు? ఆయన పోయింది ఈ ఇంట్లో. వస్తే ఈ ఇంటికే వస్తారు." ఆవిడ తొక్కలు బుట్టలో వేసి చేతులు దులుపుకుంది. "ఇక్కడ నేనొక్కదాన్నే. ఒక్క మనిషి వలయం ఎలా అవుతుంది?"

ఆ మాట ఆ పిల్ల లోపల విత్తనంలాగా చాలా రోజులు నానింది.

మొలకెత్తింది సంఘం సమావేశంలో. ఎండాకాలం చివర కాలేజీ మైదానంలో జపాను ఉత్సవం పెట్టాలని మైకు తీర్మానించాడు. కాగితం బొమ్మలు ఒక గదిలో, కుంచె రాత ఇంకో గదిలో, నూలు అంగీలు కట్టించి ఫొటోలు తీసే చోటు వరండాలో. ఇంకేమైనా ఉందా అని అడిగాడు, లేదని తనే చెప్పబోయాడు.

"ఉంది," అంది నిదానం లేచి నిలబడి.

గదిలో ఫ్యాను తప్ప అన్నీ ఆగిపోయాయి. ఆ పిల్ల అడక్కుండా మాట్లాడ్డం ఎవరూ చూడలేదు.

"వలయం ఆట పెడదాం. మధ్యలో మంచె కట్టి."

తొందరే ముందు తేరుకుంది. "పెడదాం! పరంజా కర్రలు నేను తెప్పిస్తా. మా వీధిలో గోడలకి రంగులేసేవాళ్ళు ఉన్నారు."

"పెడదాం గానీ నేర్పేదెవరు?" అన్నాడు మైకు.

నిదానం కిందికి చూసింది. పక్కకి చూసింది. "నేనే."

నవ్వుదామనుకున్నవాళ్ళు కూడా నవ్వలేదు. అలా ఖాయమైపోయింది.

ఆ రోజు నుంచి వంటింటి బల్లే బడి అయింది. మామ్మగారికి మోకాళ్ళ నొప్పులు. కుర్చీలోంచి లేవకుండా చేతులతోనే నేర్పేది. కాళ్ళ సంగతికి బల్ల మీద రెండు వేళ్ళు నడిపించేది. ముందుకి, ముందుకి, ఒకటి వెనక్కి, ఆగి చప్పట్లు. నిదానం బల్లకి ఇవతల నిలబడి, ఆవిడ చెయ్యి ఎటు లేస్తే అటు చెయ్యి లేపేది. ఆవిడ అరచెయ్యి కిటికీ వైపు తిరిగితే తన అరచెయ్యీ కిటికీ వైపు తిప్పేది.

"ఇదిగో, మంచె ఈ చేతివైపు ఉంటుంది," అని మామ్మగారు కిటికీ వైపు చెయ్యి ఎత్తి చూపించింది. నిదానం కిటికీ వైపు చెయ్యి ఎత్తింది. "ఈ చెయ్యి మంచెని పట్టుకున్నట్టు ఎప్పుడూ లోపలివైపే. రెండో చెయ్యి చీకటివైపు. మర్చిపోకు."

"మర్చిపోను."

"ఇంకొంచెం పైకెత్తు. మేఘాన్ని తోస్తున్నట్టు ఉండాలి. కొంగు సర్దుకుంటున్నట్టు కాదు, మొద్దు మొహమా!"

అంతా చేతికి వచ్చాక నిదానం గుండె చిక్కబట్టుకుని అడిగింది. "మామ్మగారూ, ఆ రోజు మీరు దిగుతారా?"

ఆవిడ తల వంచి తన చేతులు చూసుకుంది.

"మావాళ్ళలో తిరగేసి చేసేది చావింట్లో ఒక్కచోటే. బతికున్నవాళ్ళం అంగీ ఎడమ మడత పైకి వేసి కట్టుకుంటాం. పోయినవాళ్ళకి కుడి మడత పైకి వేసి కడతాం. ఆయన్ని పంపేటప్పుడు తిరగెయ్యాల్సినవన్నీ తిరగేశాను. ఇప్పుడు చేసేది పిలవడం. పిలిచేటప్పుడు అన్నీ సవ్యంగా ఉండాలి." ఆవిడ తలెత్తింది. "సవ్యంగా ఉంటే దిగుతాను. ఒక్క పాటకే. మోకాళ్ళు అంతకన్నా ఒప్పుకోవు."

నిదానం ఆ రాత్రి మెట్లెక్కుతుంటే మెట్లు పాదాల కింద మెత్తగా తగిలాయి.

నేర్పడం మాత్రం కొండని తవ్వడమే అయింది. క్లాసులయ్యాక వరండాలో పిల్లలు పోగయ్యేవారు. కొందరు ఫోన్లు చూసుకుంటూ, కొందరు ఒకళ్ళ జడలు ఒకళ్ళు లాగుతూ ఉండేవారు. వాళ్ళకి ఎదురుగా నిలబడి నేర్పితే తన ఎడమ వాళ్ళకి కుడి అవుతుందని నిదానం ముందే ఆలోచించుకుంది. అందుకని వాళ్ళకి వీపు పెట్టి నిలబడింది. తను ఏ చెయ్యెత్తితే వాళ్ళూ ఆ చెయ్యే ఎత్తాలి. అంత జాగ్రత్త ఆ పిల్లది.

"నీ వీపు చూసీ చూసీ నాకు కలలోకి వస్తోందే," అనేది తొందర.

"కలలో అడుగు తప్పుతోందా?"

"లేదు."

"అయితే మంచిదే."

వారానికోసారి అమ్మ ఫోను చేసేది. "జపాను పండగా? మన పండగలకే ఇంటికి రావు, వాళ్ళ పండక్కి చాకిరీయా? పరీక్షలెప్పుడు?"

"అయ్యాకే అమ్మా."

"ఇంతకీ నువ్వేం చేస్తావక్కడ?"

"గుండ్రంగా తిరుగుతాను."

"దానికి కాలేజీకి పంపాలా తల్లీ, ఇంట్లో దూడని కట్టేసిన చోట తిరిగితే సరిపోయేది," అని నవ్వి, తిన్నావా లేదా అడిగి పెట్టేసేది.

ఉత్సవం రోజు పొద్దున్నే మైదానం మీద మంచు పొరలాంటిది ఒకటి నిలబడి ఉంది. దాని మధ్యలోంచి పరంజా కర్రలు ఒక్కొక్కటే పైకి లేచాయి. తొందర కింద నిలబడి, కర్రలు కట్టేవాళ్ళకి వాళ్ళ పని వాళ్ళకే నేర్పుతోంది. అధ్యక్షుడు ఇంకా కరెంటు రాని మైకులో ఉపన్యాసం అభ్యాసం చేస్తున్నాడు. లోపల తరగతి గదుల్లో బెంచీలు గోడలకి జరిపి చాపలు పరిచారు. కుంచె రాత గదిలో సిరా వాసన. కాగితం దీపాలకి తీగలు వంచి వంచి అందరి వేళ్ళకీ గాట్లు పడ్డాయి. ఎర్రవి, తెల్లవి, ఒకటి ఎర్ర కాగితం చాలక సగం సగం. మధ్యాహ్నానికి అన్నీ తాళ్ళకెక్కి, గాలికి మెల్లగా ఒకదాన్నొకటి తాకుతూ, ఇంకా వెలగకపోయినా వెలుగుతామన్న ధీమాతో వేలాడుతున్నాయి.

అప్పుడు డోలు మేడమ్ వచ్చింది. పక్క పట్నంలో డోలు నేర్పే ఆవిడ. జపానులో కొన్నేళ్ళు ఉండి నేర్చుకున్న చెయ్యి. మంచె ఎక్కి, నడుం బిగించి, ఒక దెబ్బ వేసేసరికి కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ఒకసారి చూసుకుందామని పిల్లలు వలయం కట్టారు. నిదానం ముందు. డోలు మొదలైంది. వలయం కదిలింది. కొంచెం సేపటికి డోలు ఆగిపోయింది.

మేడమ్ పైనుంచి వంగి చూసింది. "ఎవరమ్మా మీకు నేర్పింది?"

అందరూ నిదానం వైపు వేళ్ళు చూపించారు. నిదానం తల వంచుకుంది. మెచ్చుకుంటుందనుకుంది.

"బాగా నేర్పావు. ఒక్కళ్ళకీ అడుగు తప్పడంలేదు. కానీ మొత్తం అద్దంలో చూసినట్టుందే! ఈ ఆటకి మంచె ఎడమ చేతివైపు ఉండాలి. మీరంతా కుడి చేతివైపు పెట్టుకుని తిరుగుతున్నారు. చేతులూ అలాగే తారుమారు. తిరగేసి ఎందుకు నేర్పావు?"

నిదానానికి మైదానం కనపడలేదు. వంటిల్లు కనపడింది. బల్లకి అవతల మామ్మగారు కిటికీ వైపు చెయ్యి ఎత్తింది. ఆవిడ ఎడమ చెయ్యి. బల్లకి ఇవతల తను కిటికీ వైపు చెయ్యి ఎత్తింది. తన కుడి చెయ్యి. ఇంతమందికి నేర్పేటప్పుడు వచ్చిన ఆలోచన, తను నేర్చుకునేటప్పుడు ఎందుకు రాలేదు? అప్పుడు ఆ పిల్ల నేర్చుకుంటున్నాననే అనుకోలేదు. ఆవిడ ముందు నిలబడి ఆవిడ కదిలినట్టు కదిలింది, అంతే.

"ఓస్, ఇంతేనా!" అంది తొందర. "అటు తిరిగేది ఇటు తిరుగుదాం. పట్టండి!"

పట్టారు. వారాల తరబడి ఒంటికి పట్టిన ఆటని ఒక్క మాటతో తిప్పడం కుదురుతుందా? సగం మంది అటు, సగం మంది ఇటు నడిచారు. బుర్రకి బుర్ర తగిలింది. చప్పట్లు కొట్టాల్సిన చోట ఒకడు పక్కవాడి చెంప మీద కొట్టాడు. ఎవరి మోచెయ్యో దీపాల తాడుకి తగిలి ఒక వరస మొత్తం కిందికి జారింది. డోలు మేడమ్ పగలబడి నవ్వుతూ కర్రలు కింద పెట్టేసింది.

"వద్దు, వచ్చినట్టే ఆడండి. చూడముచ్చటగానే ఉంది."

"చూసేవాళ్ళకేం తెలుస్తుంది?" అన్నాడు మైకు నుదురు రుద్దుకుంటూ. "ఇది కుడో ఎడమో తెలిసినవాళ్ళు ఎంతమంది వస్తారు?"

"ఒక్కరు," అంది నిదానం.

"ఒక్కరేగా!"

"ఆ ఒక్కరి కోసమే పెట్టించాను."

మైకు నుదురు రుద్దుకోవడం ఆపి, జారిన దీపాల తాడు ఎత్తి కట్టడానికి వెళ్ళాడు.

పొద్దువాలుతుండగా నిదానం ఇంటికి బయల్దేరింది. చెప్పకుండా తీసుకొచ్చి కూర్చోబెట్టడం ఆ పిల్లకి చేతకాదు. చెప్పడం అంతకన్నా చేతకాదు. వీధి చివరి నుంచి గేటు వరకూ మాటలు కూర్చుకుంది. గేటు తీసేసరికి అన్నీ చెదిరిపోయాయి.

మామ్మగారు అప్పటికే తయారై వసారాలో నిలబడి ఉంది. ముదురు నీలం నూలు అంగీ. ఎడమ మడత పైకి, నున్నగా, ఒక్క ముడత లేకుండా. జుట్టు వెనక్కి దువ్వి బిగించింది. ఇన్నాళ్ళూ వంటింట్లో చూసిన మనిషి కాదు. ఎవరికోసమో స్టేషన్లో నిలబడ్డట్టు ఉంది. రైలు వస్తోందని ఆవిడకి ముందే తెలిసినట్టు ఉంది.

"ఆలస్యమైందా?" అంది.

నిదానం ఆవిడకి ఎదురుగా వెళ్ళి నిలబడింది. "మామ్మగారూ, మంచె ఏ చేతివైపు?"

"ఇప్పుడు అడుగుతావేం? ఇదిగో." ఆవిడ ఎడమ చెయ్యి ఎత్తింది.

నిదానం ఎదురుగా తన కుడి చెయ్యి ఎత్తింది. "నేను ఇది నేర్పాను. అందరికీ."

రెండు చేతులూ ఒక పక్కనే లేచి ఉన్నాయి, మధ్యలో అద్దం పెట్టినట్టు. మామ్మగారు తన చేతినీ, ఆ చేతినీ మార్చి మార్చి చూసింది.

"మొద్దు మొహమా," అంది నెమ్మదిగా.

నిదానం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నిన్ను కాదే. నన్ను. ఎదురుగా కూర్చుని నేర్పిన మొద్దుని నేనే." ఆవిడ చెయ్యి దించింది. కానీ నవ్వలేదు. గేటు మీద చెయ్యి వేసి వీధిలోకి చూసింది. "అందరూ తిరగేసే ఆడతారన్నమాట."

"మార్చాలని చూశాం. కుదరలేదు."

"ఊఁ." ఆవిడ గేటు గొళ్ళెం తీసింది. "వస్తాను. పిల్లలు కష్టపడ్డారు, చూడకపోతే తప్పు. కానీ దిగను. తిరగేసి ఆడితే పిలిచినట్టు ఉండదు. ఇంకోసారి పంపేసినట్టు ఉంటుంది. నాకు అది చేతకాదు."

ఇద్దరూ మైదానం వైపు నడిచారు. ఇళ్ళలో ఒక్కొక్క దీపమే వెలుగుతోంది. వాళ్ళు దాటిన ప్రతి కిటికీలోంచీ కొంచెం వెలుతురు రోడ్డు మీద పడి, మామ్మగారి నీలం అంగీ అంచుని తాకి వదిలేస్తోంది.

మైదానం నిండిపోయింది. కాగితం దీపాలు వెలిగాయి. ఎవరో ఎర్రటి ఊపిరి వదిలినట్టు గాలంతా రంగు మారింది. మొహాలు దగ్గరికొస్తే మొహాలు, దూరంగా ఉంటే నీడలు. మొదటి వరస చివర ఒక కుర్చీలో మామ్మగారిని కూర్చోబెట్టి నిదానం వలయంలోకి వెళ్ళిపోయింది. వెళ్ళక తప్పదు, ముందుండి నడిపించేది తనే.

డోలు మోగింది. మైకు గొంతు ఏదేదో చెప్పి ఆగింది. వలయం కదిలింది. ముందుకి, ముందుకి, ఒకటి వెనక్కి, చప్పట్లు. నిదానం తిరుగుతూ కుర్చీ వైపు వచ్చినప్పుడల్లా చూసింది. మామ్మగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మళ్ళీ తిరిగి వచ్చింది. కూర్చునే ఉంది. ఈసారి కళ్ళు మూసుకుని ఉంది. మళ్ళీ వచ్చింది. కళ్ళు తెరిచి ఉన్నాయి గానీ మైదానాన్ని చూడటంలేదు. చూడటానికి వచ్చినవాళ్ళు కూడా ఒకళ్ళొకళ్ళే వలయంలో దూరుతున్నారు. పాట ముగిసింది. ఇంకోటి మొదలైంది. కుర్చీ దీపాల వెలుగులో ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా, నీళ్ళలో కనపడ్డట్టు ఊగుతోంది. అందులో ఆవిడ కదలకుండా ఉంది.

రెండో పాట అయ్యాక నిదానం గ్లాసుతో నీళ్ళు పట్టుకెళ్ళింది. ఇక ఒక్క పాటే మిగిలింది.

మామ్మగారు నీళ్ళు తీసుకుంది గానీ తాగలేదు.

"చిన్నప్పట్నుంచీ ఎన్ని ఏళ్ళు ఆడానో," అంది, ఎవరితోనూ కాకుండా. "ఎప్పుడూ ముందున్నవాళ్ళ వీపే చూశాను. మా అమ్మ చనిపోయిన ఏడు కూడా అంతే. ఆవిడ వచ్చి మధ్యలో దూరిందేమో. ఒకే వైపు నడిచేవాళ్ళకి ఎవరి మొహం కనిపిస్తుంది?"

డోలు పిలిచింది. నిదానం గ్లాసు అక్కడే వదిలేసి పరిగెత్తింది.

ఆఖరి పాట మెల్లగా మొదలైంది. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య గాలి కూడా ఆగి వింటున్నట్టుంది. నిదానం ఒక చుట్టు తిరిగి వచ్చింది. కుర్చీ ఖాళీగా ఉంది.

అడుగు తప్పింది. వెనకవాళ్ళు తగిలారు. మళ్ళీ అందుకుంది. వెళ్ళిపోయిందనుకుంది. చీకట్లో, ఒక్కత్తీ, ఆ నీలం అంగీతో, ఆ మోకాళ్ళతో. వెనక్కి పరిగెత్తుదామంటే వలయం లాక్కుపోతోంది. చేతులు వాటంతటవే లేస్తున్నాయి, దిగుతున్నాయి. కళ్ళ ముందు దీపాలు కరిగి ఒకే ఎర్రటి తాడులాగా తిరిగాయి.

ఆ ఎర్రదనంలోంచి, మంచె పక్కగా, ఎదురుగా ఒక మనిషి వస్తోంది.

అందరూ అటు వెళ్తుంటే ఆవిడ ఇటు వస్తోంది. మంచెకీ వలయానికీ మధ్యనున్న ఇరుకు దారిలో, ఎడమ చెయ్యి మంచె వైపు పెట్టుకుని, సవ్యంగా, వాళ్ళ ఊళ్ళో ఆడినట్టు ఆడుతూ వస్తోంది. మోకాళ్ళు వంగడంలేదు. చేతులు మాత్రం మేఘాలు తోస్తున్నాయి. ఎదురైన ప్రతి మొహంలోకీ ఒక్క క్షణం చూస్తోంది. చూసి, తల పంకించి, ముందుకి సాగుతోంది.

వింత ఏంటంటే, ఎదురైనవాళ్ళందరి చేతులూ ఆవిడ చేతులతో కలిసిపోతున్నాయి. ఆవిడ ఎడమ చెయ్యి లేచినప్పుడు వాళ్ళ కుడి చెయ్యి లేస్తోంది. ఆవిడ అరచెయ్యి మంచె వైపు తిరిగితే వాళ్ళ అరచేతులూ మంచె వైపే తిరుగుతున్నాయి. తొందర నోరు తెరుచుకుని ఆడుతోంది. పై నుంచి డోలు మేడమ్ చూసి, దెబ్బ ఇంకొంచెం లోతుగా వేసింది.

మామ్మగారు నిదానం ఎదురుగా వచ్చింది. రెండు చేతులూ ఒకే పక్క లేచాయి.

"ఇంకొంచెం పైకెత్తు," అని గసిరి దాటిపోయింది.

నిదానం నవ్విందో ఏడ్చిందో ఆ వెలుగులో ఎవరికీ తెలియలేదు.

ఇంకో చుట్టులో, నిదానం ముందు నడుస్తున్న పిల్ల చెప్పు పట్టీ తెగింది. ఆ పిల్ల ఒంటికాలి మీద గెంతుకుంటూ బయటికి పోయింది. నిదానం ముందు ఒక మనిషి పట్టేంత చోటు మిగిలింది. మైకులో గొంతు వినిపించింది. "ఖాళీలు రానివ్వకండి! ముందుకి జరగండి, ముందుకి!"

నిదానం జరగబోయింది. అప్పుడే మామ్మగారు ఆ చోటుకి ఎదురుగా వచ్చింది. ఇంతసేపూ ఎవరి దగ్గరా ఆగని మనిషి అక్కడ ఆగింది. మిగతా మొహాల్లోకి చూసినట్టే ఆ ఖాళీలోకి, కొంచెం పైకి, తనకన్నా పొడుగు మనిషిని చూస్తున్నట్టు చూసింది. చెయ్యి ఎత్తింది. అవతల ఇంకో చెయ్యి లేవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగింది. పెదవులు కదిలాయి. ఏమందో డోలు మింగేసింది. అప్పుడు దించి, ముందుకి నడిచింది.

నిదానం అడుగు చిన్నది చేసుకుంది. ముందున్నవాళ్ళు సాగుతుంటే సాగింది గానీ ఆ చోటుని మూయలేదు. వెనక నుంచి తొందర వీపు మీద పొడిచింది.

"జరగవే! ముందు అంత ఖాళీ పెట్టుకుని పాకుతావేం?"

"ఖాళీ లేదు," అంది నిదానం, ఈసారి కిందికీ పక్కకీ చూడకుండా.

మంచెకి అవతలివైపు నీలం అంగీ దీపాల కింద మళ్ళీ కనపడింది. ఆవిడ ఒక్కొక్క మొహమే దాటుకుంటూ ఇటే వస్తోంది. నిదానం తన ముందున్న చోటుని అలాగే కాపాడుకుంటూ, కుడి చెయ్యి మంచె వైపు ఎత్తింది.